సిరా పూసిన వైపు

"మళ్ళీ మీరేనా?" అన్నాడు డాక్టర్ ఆంగస్ ట్రెలోర్.

కూర్చోమనలేదు. నేనే స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మళ్ళీ నేనే. లోర్నా కాలెస్కె, హత్యల విభాగం. మర్చిపోయారేమోనని చెప్తున్నా."

"హత్యల విభాగానికి ఇక్కడేం పని? మిరియం బతికే ఉందిగా."

ఆ మాట అన్న తీరుకే నాకు ఒళ్ళు మండింది. డాక్టర్ మిరియం ఓట్స్ బతికే ఉంది, నిజమే. పన్నెండు రోజులుగా రోడ్డు అవతల ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉంది. ఈ బెరింగా కేన్సర్ పరిశోధనాలయంలోనే, ఇదే అంతస్తు చివర, ద్రవ నైట్రోజన్ ఉంచే గదిలో పడిపోయి దొరికింది. గొట్టం ఊడింది, గదంతా ఆవిరి కమ్మింది, ఊపిరాడలేదు. తలుపు దానంతటదే బిగుసుకుపోయిందని మా ఇన్‌స్పెక్టర్ డెర్మట్ పాస్కో అంటాడు. బయటినుంచి ఎవరో గడియ పెట్టారని నేనంటాను. తలుపు పగలగొట్టినవాళ్ళు గడియ కూడా విరగ్గొట్టేశారు కాబట్టి ఆ తగువు తెగలేదు.

అందుకే ఆమె గది ముందు ఒక కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టించాను. ఆ కాపలా దండగని పాస్కో మొదటిరోజు నుంచీ సణుగుతూనే ఉన్నాడు. ఈ రోజు డాక్టర్లు మిరియంకి మత్తుమందు తగ్గిస్తున్నారు. ఆమె కళ్ళు తెరిస్తే, ఆ గదిలోకి తనతో ఎవరు వచ్చారో చెప్తుంది. ఆ సంగతి నాకెంత బాగా తెలుసో నా ఎదురుగా ఉన్న పెద్దమనిషికీ అంతే బాగా తెలుసు.

"ఆ మంగళవారం పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఎక్కడున్నారు?"

"నాలుగోసారి అడుగుతున్నారు. ఇక్కడే. ఈ గదిలో."

"ఒక్కరే?"

"ఎలుకతో."

"ఎలుక సాక్ష్యం చెప్పదు డాక్టర్."

"ఎందుకు చెప్పదు? దానిచేత చెప్పించడమే కదా మా ఉద్యోగం!"

తెర మీద సినిమా వేశాడు. నాకిది కంఠతా వచ్చేసింది. ఎలుకకి మత్తిచ్చి పడుకోబెడతారు. దాని డొక్క చర్మంలో చిన్న గాజు కిటికీ అమర్చి ఉంటుంది. పైనుంచి ఆ కిటికీ గుండా లేజర్ పంపిస్తే బతికున్న కండలో రక్తనాళాలు ఎర్రగా, కేన్సర్ కణాలు పచ్చగా వెలుగుతాయి. ఎలుక ఊపిరి తీసుకున్నప్పుడల్లా బొమ్మ కాస్త అదురుతుంది. రక్తనాళం రెండు కొమ్మలుగా చీలినచోట ఒక పచ్చ కణం గోడ సందులోంచి ఒళ్ళు సన్నం చేసుకుని బయటికి జారుకుంటోంది. జేబుదొంగ గుంపులోంచి తప్పుకున్నట్టే ఉంటుంది. చివర్లో ట్రెలోర్ లేజర్ పదును పెంచి ఆ కణం చుట్టూ నాలుగు చుక్కలు కాల్చాడు. మూడు కింద వరసగా, ఒకటి విడిగా కుడివైపు పైన. సినిమా మూలన తేదీ, టైము.

"గడియారం మార్చడం ఎంతసేపు?" అన్నాను.

"మీరా మాట మొదటిరోజే అన్నారు. అందుకే కదా ఇంత తతంగం!"

తతంగం నేను పెట్టిందే. ఈ మైక్రోస్కోప్ కణాన్ని బతికుండగా చూపిస్తుంది కానీ లోపలి గుట్టు చూపించదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ గుట్టంతా చూపిస్తుంది కానీ బతికున్నదాన్ని చూపించదు. అందుకని వీళ్ళు ముందు దీంట్లో చూసి, ఆ కండ ముక్క కోసి, అదే కణాన్ని మళ్ళీ దాంట్లో వెతుకుతారు. వెతకడానికి ఆనవాళ్ళే ఆ కాలిన చుక్కలు. ఆ రోజు ఒంటిగంటకి ఎలుకల విభాగంవాళ్ళు వచ్చి ట్రెలోర్ ఎలుకని తీసుకెళ్ళారు, కిటికీ కింది కండ కోసి, కుళ్ళకుండా ఉంచే మందున్న సీసాలో వేశారు. సాయంత్రం ఆ సీసాకి మేం సీలు వేశాం. సినిమా నిజంగా ఆ రోజు తీసిందే అయితే ఆ నాలుగు చుక్కలూ ఆ ముక్కలో కనపడాలి. లేకపోతే అది పాత సినిమా, ట్రెలోర్ ఆ రెండు గంటలూ ఇంకెక్కడో ఉన్నాడు.

"మిరియం ఆ మధ్యాహ్నం డైరెక్టర్‌ని కలవాల్సింది. దేని గురించో మీకు తెలుసు."

"తెలుసు. నేను 'ఒకే కణం' అని అచ్చువేయించిన రెండు బొమ్మలు ఒకే కణానివి కావని ఆవిడ అనుమానం."

"అనుమానమేనా?"

"తొందరపాటు మనిషి. తెలివైందే, కాదనను."

"ఆవిడ నోరు తెరవకపోతే మీకు మేలే."

"ఆవిడ నోరు తెరవాలని రోజూ వెళ్ళి పక్కన కూర్చుంటున్నాను. మీ కానిస్టేబుల్‌ని అడగండి. మీరు ఎన్నిసార్లు వెళ్ళారు?"

నేను ఒక్కసారే వెళ్ళాను. లేచి గదంతా మళ్ళీ కలియదిరిగాను. కిటికీల్లేవు, నల్ల తెరలు. లేజర్ బల్ల. గోడవార మందుల సీసాలుండే గాజు అలమరా. తలుపు మీద బయటివైపు ఎర్రదీపం.

"ఆ దీపం ఎప్పుడు వెలుగుతుంది?"

"లేజర్ నడుస్తున్నప్పుడే. అది వెలుగుతుంటే ఎవరూ లోపలికి రాకూడదు, కళ్ళు పోతాయి."

"ఆ రోజు వెలగడం ఎవరైనా చూశారా?"

"దీపం చూసి వెనక్కెళ్ళేవాళ్ళు నాతో చెప్పి వెళ్ళరు కదండీ."

వీడు దేనికీ తడుముకోడు. నాకు కొరకరాని కొయ్యలు కొత్త కాదు కానీ, ఇలా నవ్వుతూ జవాబిచ్చేవాళ్ళంటే మటుకు అసహ్యం.

ఫోను మోగింది. పాస్కో. "కిందికి రా తల్లీ. బొమ్మ వచ్చింది. చూసి ఆనందిద్దువుగాని."

ట్రెలోర్ కోటు తొడుక్కున్నాడు. "నేను రానక్కర్లేదుగా? భోజనానికి వెళ్తున్నా. లేకపోతే అరెస్టు చేస్తారా?"

చేయలేను. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. పళ్ళు నూరుకుంటూ మెట్లు దిగాను.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ భవనం అడుగున, నేలమాళిగలో ఉంది. దాని అధికారిణి డాక్టర్ వలేరియా కోస్టిచ్ నెరిసిన జుట్టు బిగించి కట్టుకుని, బెత్తం లేని బడిపంతులమ్మలా ఉంటుంది. తలుపు దగ్గరే వేలెత్తి ఆపింది.

"మెల్లిగా నడవండి. మెల్లిగా మాట్లాడండి. ఫోను బయట పెట్టండి. మీరు గట్టిగా తుమ్మినా నా బొమ్మ కదిలిపోతుంది."

లోపల పాస్కో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఒకే ఏడు పోలీసుల్లో చేరాం. వాడికి నాకన్నా ఒక మెట్టు పైన ఉద్యోగం, నాలుగు మెట్లు పైన గర్వం.

"చూడు," అన్నాడు గుసగుసగా.

చూశాను. ఎడమ తెర మీద ట్రెలోర్ సినిమాలోని చివరి బొమ్మ. కుడి తెర మీద సీసాలోని ముక్క, రంగుల్లేకుండా బూడిదరంగులో. అదే కొమ్మ చీలిన రక్తనాళం. దాని పక్కన కణం. చుట్టూ నాలుగు కాలిన మచ్చలు. మూడు కింద వరసగా, ఒకటి కుడివైపు పైన.

మచ్చలు మళ్ళీ లెక్కపెట్టాను.

"అచ్చు గుద్దినట్టుంది కదూ?" అన్నాడు పాస్కో. "సినిమా ఆ రోజుదే, ఎలుక ఆ రోజుదే. ట్రెలోర్ చెప్పింది అక్షరాలా నిజం. గొట్టం ఊడింది, తలుపు బిగుసుకుంది. ప్రమాదం. పన్నెండు రోజులు అందరి ప్రాణాలూ తోడేశావు."

"మిరియం లేచేదాకా ఆగు."

"ఎందుకు? ప్రమాదానికి కాపలా ఏంటి? నువ్వే అన్నావు, బొమ్మ కలిస్తే వదిలేస్తానని. డైరెక్టర్ ముందు అన్నావు."

"సాయంత్రం దాకా, డెర్మట్. అడుక్కుంటున్నాననుకో."

"నువ్వు అడుక్కోవడం చూడాలని ఇన్నేళ్ళు కాచుకున్నా. అయినా కుదరదు."

వాడు తలుపు బయటికి వెళ్ళి ఫోను చేయడం గాజులోంచి కనపడుతూనే ఉంది. రెండు ముక్కలు మాట్లాడి లోపలికొచ్చాడు. "కాపలా ఉన్న బెత్‌ని ఇంటికి పంపించేశాను. పాపం, ఆ పిల్ల టీకి కూడా లేవకుండా కూర్చుంది అన్నాళ్ళు."

గట్టిగా అరవాలనిపించింది. ఆ గదిలో అరవడానికి కూడా లేదు. మొహం గోడవైపు తిప్పుకున్నాను.

గోడ మీద కోస్టిచ్ తన పాత పనులు అద్దాల్లో కట్టి పెట్టుకుంది. జంటలు జంటలుగా బొమ్మలు. ప్రతి జంటలో ఒకటి బతికున్న కండలో రంగుల బొమ్మ, రెండోది అదే కణం బూడిదరంగులో. ఊరికే చూస్తున్నాను. మొదటి జంటలో విడి చుక్క రంగుల బొమ్మలో కుడివైపుంది, బూడిద బొమ్మలో ఎడమవైపుంది. రెండో జంటా అంతే. మూడోదీ అంతే. వెనక్కి తిరిగి తెరలు చూశాను. కుడి, కుడి.

"డాక్టర్ కోస్టిచ్, మీ గోడమీద బొమ్మలన్నీ తిరగబడి ఉన్నాయెందుకు?"

"తిరగబడ్డమేంటి?" చిరాకుపడింది. "అవి యంత్రం ఇచ్చినవి ఇచ్చినట్టు పెట్టుకున్నాను. మేం ముక్కని కిటికీవైపు కిందికి పెట్టి అతికిస్తాం. వెనకవైపు నుంచి పొర పొరగా చెక్కుతూ చూస్తాం. దుకాణం గాజు తలుపు మీద పేరు లోపల్నుంచి చూస్తే ఎలా ఉంటుంది? అలా కుడి ఎడమలు తారుమారవుతాయి. పత్రికలకి పంపేటప్పుడు సరిచేస్తాం."

"ఇవాళ్టి ముక్క కూడా అలాగే అతికించారా?"

"ఇరవై ఏళ్ళుగా అలాగే అతికిస్తున్నాను."

"బొమ్మని సరిచేశారా?"

"ఈ మనిషి పొద్దుట్నుంచీ నా మెడ మీద ఊపిరి వదుల్తూ నిలబడితే సరిచేసే తీరికెక్కడ..." అని ఆగిపోయింది. కుడి తెర చూసింది. ఎడమ తెర చూసింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఏంటి?" అన్నాడు పాస్కో.

"నోరు మూసుకో," అన్నాం ఇద్దరం ఒకేసారి.

కోస్టిచ్ కుర్చీలో వెనక్కి వాలింది. "ఇది తారుమారవ్వాలి. కాలేదు."

"మీరు తిరగేసి అతికించి ఉండొచ్చుగా!" అన్నాడు పాస్కో.

"అతికించను. ముక్క కందిబద్దంత ఉంటుంది, రెండు వైపులా ఒకేలా ఉంటాయి. అందుకే ఎలుకల విభాగంవాళ్ళు కోయగానే కిటికీవైపు నల్ల సిరా పూస్తారు. నేను సిరా వైపు కిందికి పెడతాను. సిరా ఇప్పటికీ ఉంది, కావాలంటే చూసుకో."

చూపించింది. సూది మొన మీద అతికించిన ముక్క అడుగున సిరా గీత సన్నగా కనపడుతోంది.

"అంటే ఈ చుక్కలు కిటికీవైపు నుంచి కాల్చలేదు," అన్నాను. "వెనకవైపు నుంచి కాల్చారు."

"బతికున్న ఎలుకలో అది కుదరదు. లేజర్ కిటికీలోంచే వెళ్ళాలి. వెనకవైపు ఎలుక ఉంటుంది."

"విడిగా ఉన్న ముక్కలో కుదురుతుంది."

కోస్టిచ్ మళ్ళీ ఆ సిరా గీత చూసింది. తర్వాత మెల్లిగా అంది. "ట్రెలోర్ ఇక్కడికి రాకముందు పెద్దాస్పత్రిలో ఆపరేషన్ ముక్కలు పరీక్ష చేసేవాడు. అక్కడ సిరా కోసిన వైపు పూస్తారు, గడ్డ మొత్తం వచ్చిందో లేదో తెలియడానికి. మా దగ్గర సిరా కిటికీవైపు. వాడెప్పుడూ ముక్క చేత్తో పట్టింది లేదు, ఆ పనంతా మిరియమే చేసేది. సిరా ఉన్నది అడుగువైపనుకుని కిందికి పెట్టుకుని ఉంటాడు."

"ఆగండాగండి," అన్నాడు పాస్కో. గుసగుస కాస్త పెరిగింది. "రక్తనాళం కొమ్మ కలిసిందిగా! కణం కలిసిందిగా!"

"ఇది కేన్సర్ గడ్డ ముక్క. కణాలకి కరువేంటి? ఇలా చీలిన కొమ్మలు దీంట్లో వందలుంటాయి. సినిమాలోదానికి దగ్గరగా ఉన్నది వెతుక్కుని చుట్టూ కాల్చి ఉంటాడు. నేను చుక్కలు కలిశాయా అని చూశాను, కొమ్మ వంపులు కొలవలేదు. అది నా తప్పే."

"ఊహలు," అన్నాడు పాస్కో. "కోర్టులో నవ్వుతారు."

నేను వాడి దగ్గరికి వెళ్ళాను. "డెర్మట్, శవాన్ని చూసి, ఈ పోటు చచ్చాక పొడిచిందని ఎలా చెప్తావు?"

"ఇప్పుడదేంటి?"

"చెప్పు. నీకు తెలిసిందేగా."

"నెత్తురు రాదు," అన్నాడు అయిష్టంగా.

"డాక్టర్ కోస్టిచ్, ఆ మచ్చల చుట్టూ నెత్తురుందా?"

ఆవిడ బొమ్మని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. విడిగా ఉన్న మచ్చ ఒక సన్నటి నాళాన్ని సగానికి తెగ్గొట్టింది. తెగినచోట ఎర్రకణాలు నాళం లోపలే ఎక్కడివక్కడ ఉన్నాయి. ఒక్కటి కూడా బయటికి ఒలకలేదు.

"గడ్డకట్టింది లేదు, వాపు లేదు," అంది కోస్టిచ్. "సినిమా ప్రకారం కాల్చాక అరగంట బతికింది ఈ ఎలుక. ఆ అరగంటలో ఇక్కడంతా నెత్తురు చిమ్మి ఉండాలి. ఇది చచ్చిన కండని కాల్చింది. సీసాలో మందులో ఊరాక కాల్చింది."

ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. పాస్కో మొహం చూస్తే ఆ ప్రశ్న వాడికి నాకన్నా ముందే తట్టిందని తెలుస్తోంది.

"సీసా మన దగ్గరుంది, డెర్మట్. సీలుతో. వాడి చేతికెలా వెళ్ళింది?"

"వెళ్ళలేదు."

"డెర్మట్."

"మందు పాతబడితే ముక్క కుళ్ళిపోతుందన్నాడు," అన్నాడు. "మారుస్తానన్నాడు. పోయిన గురువారం. నేనే స్వయంగా తీసుకొచ్చాను. నేనే సీలు విప్పాను, నేనే కొత్తది వేశాను. ఒక్క క్షణం కూడా..."

"గదిలో వాడి పక్కనే ఉన్నావా?"

"మందుల అలమరా లోపలుందన్నాడు. నేను తలుపు బయటే ఉన్నాను."

"ఏం చేస్తూ?"

"కప్ప బొమ్మ కేకు తింటూ! సరేనా? ఆకలేసింది!"

"తలుపు మీద ఎర్రదీపం వెలిగిందా?"

పాస్కో తలుపువైపు చూశాడు.

"వెలిగిందా లేదా?"

"వెలిగింది. దీపమేగా అనుకున్నాను."

మందు మార్చడానికి లేజర్ ఎందుకో కోస్టిచ్ అడగలేదు, నేనూ అడగలేదు. ఇద్దరం వాడినే చూస్తున్నాం. ఇన్నేళ్ళూ వాడు ఓడిపోతే చూడాలని ఎంత కోరుకున్నానో నాకే తెలుసు. ఇప్పుడు కళ్ళారా చూస్తుంటే సంతోషించే తీరిక లేదు. ట్రెలోర్ భోజనానికి వెళ్తున్నానని చెప్పి అప్పుడే అరగంట దాటింది.

గది బయటికి పరిగెత్తి ఫోను అందుకున్నాను. బెత్ నాన్‌కివెల్ మొదటి మోతకే ఎత్తింది.

"ఎక్కడున్నావ్?"

"కార్లో మేడం. ఇన్‌స్పెక్టర్ గారు ఇంటికెళ్ళమన్నారుగా! సిగ్నల్ దగ్గరున్నాను."

"కారు తిప్పు. సిగ్నల్ గిగ్నల్ చూడకు. మిరియం గదికి పరిగెత్తు!"

కోస్టిచ్ గాజు వెనకనుంచి నన్ను చూస్తోంది. నేను అరుస్తున్నా ఈసారి వద్దనలేదు. వార్డుకి కలిపాను. రెండుసార్లు మోగి ఆగింది. మూడోసారి ఒక నర్సు ఎత్తింది, హుషారు గొంతు.

"మిరియం ఓట్స్ ఎలా ఉంది? పోలీసుల్నుంచి మాట్లాడుతున్నా."

"మంచి కబురండీ! పావుగంట కింద కళ్ళు తెరిచింది. గొంతులో గొట్టం పొద్దుటే తీసేశారు కానీ ఇంకా మాట రావట్లేదు. మనుషుల్ని గుర్తుపడుతోంది."

"దగ్గరెవరున్నారు?"

"డాక్టర్ ట్రెలోర్ గారు. ఆయన్ని చూడగానే ఏడ్చేసింది పాపం. మాకూ కళ్ళనీళ్ళొచ్చాయి. అన్ని రోజులు కనిపెట్టుకుని కూర్చున్నారు కదా ఆయన."

"వెంటనే గదిలోకి వెళ్ళండి. ఆయన్ని బయటికి లాగండి. ఎవర్నైనా పిలవండి, వెంటనే!"

"గదిలో లేరండీ. తలకి స్కానింగ్ తీయించాలని మంచంతో సహా తీసుకెళ్ళారు. పోలీసులకి అభ్యంతరం లేదని, ఇన్‌స్పెక్టర్ గారే ఒప్పుకున్నారని చెప్పారు. మీ కానిస్టేబుల్ అమ్మాయి కూడా వెళ్ళిపోయింది కదా, నిజమే అనుకున్నాం."

పాస్కో నా పక్కకొచ్చి నిలబడ్డాడు. నర్సు గొంతు వాడికీ వినపడుతోంది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"స్కానింగ్ అంతా అబద్ధం. లిఫ్టులు ఆపించండి. గేట్లు మూయించండి. వాడే ఆమెని చంపబోయింది. అర్థమైందా?"

నేను మెట్లెక్కుతూ "అర్థమైందా?" అని మళ్ళీ అరిచాను. ఈసారి నర్సు గొంతులో హుషారు లేదు. చిన్నపిల్ల గొంతులా ఉంది.

"మేడం... మంచం కదిలేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుని వదల్లేదు. భయపడకమ్మా, డాక్టర్ గారు నీతోనే ఉన్నారుగా అని... నేనే ఒక్కొక్క వేలూ విడిపించాను."